దొనకొండ రైలుదారి - సాఫ్టువేరు కుటుంబాలు

గుంటూరు - గుంతకల్లు రైలుదారిలో, నల్లమల కొండలకు తూర్పున దొనకొండ ఉన్నది. 19వ శతాబ్ది చివర సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఈ దారిని మీటరుగేజిలో నిర్మించినది. 1990ల దశకంలో బ్రాడ్‌గేజి వచ్చేవరకు ఆ పట్టాలే ఉండేవి. ఆవిరి ఇంజనుల కాలంలో ఇక్కడ ఇంజనుల షెడ్డు కూడా ఉండేది. ఒక ఇంజనులో భాగము పాడైతే మరొకదాని భాగము అమరునా? అటువంటి షెడ్లన్నిటిలోను ఎదురయ్యే ప్రశ్న ఇది. నేటి సాఫ్టువేరు నిర్మాతల ప్రశ్నయు ఇదియే.

తొలుత ఒక్కొక్క రైల్వే కంపెనీ తనకు నచ్చిన నమూనా ఇంజనులను తెప్పించుకొనేది. బ్రిటిషు ఇంజనీరింగు ప్రమాణాల సంఘము 1903 మొదలు భారతదేశానికి ఉమ్మడి నమూనాలను రూపొందించినది. ఉమ్మడి నమూనా కావలెనంటే ముందుగా ఉన్నవాటిని పక్కపక్కన పెట్టి చూడవలెను. బాయిలరు, చక్రాలు, ఇరుసుపై బరువు - వీటిలో అన్నిటికీ సమానమైనవేవి, దారినిబట్టి మారవలసినవేవి అని విడదీయవలెను.

ఈ పరిశీలన చాలకపోతే ప్రమాదమే. 1920లలో ఎక్స్‌ఎ, ఎక్స్‌బి, ఎక్స్‌సి అనే ప్రామాణిక ఇంజనులు వచ్చినవి. పట్టాలపై వాటి నడక నిలకడగా లేకపోయినది. 1937 జులైలో బీహారులోని బిహ్టా వద్ద ఎక్స్‌బి ఇంజను లాగుతున్న రైలు పట్టాలు తప్పి వందమందికి పైగా మరణించినారు. నమూనా ఒకటే అయినప్పుడు అందలి లోపము కూడా అందరిదీ అవుతుంది. ఆ తరువాత ఈ ఇంజనులపై ప్రత్యేక విచారణ సంఘము ఏర్పడినది. 1947లో వచ్చిన డబ్ల్యు.పి. ప్రయాణికుల ఇంజనుకు, 1950లో వచ్చిన డబ్ల్యు.జి. సరకుల ఇంజనుకు చక్రాల అమరిక వేరైనను బాయిలరు ఒకే తీరుది.

సాఫ్టువేరులోను ఇదే మార్గము. ఒక కుటుంబానికి చెందిన ప్రోగ్రాములలో భేదాలకన్న ముందు సామాన్య లక్షణాలను అధ్యయనము చేయుట మేలని డేవిడ్ పార్నాస్ 1976లో వివరించినాడు. మన రైళ్ళ రిజర్వేషనే ఇందుకు దగ్గరి ఉదాహరణ. 1985లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలైనది. కాలక్రమాన ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రాలు ఏర్పడినవి. వీటన్నిటినీ కలుపగల 'కన్సర్ట్' అనే సాఫ్టువేరును 1994లో ముందుగా సికింద్రాబాదులోనే నెలకొల్పినారు. 1999 నాటికి ఐదు కేంద్రాలును ఒకే అల్లికలో చేరినవి. ఒక కేంద్రపు కౌంటరులో మరొక కేంద్రపు రైలుకు టికెట్టు దొరకసాగినది.

కనుక పాత సాఫ్టువేరులను పరీక్షించేవారు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను. వీటిలో సమానమైన దెంత? మారవలసిన భాగాన్ని తక్కినదాన్ని కదపకుండ మార్చవచ్చునా? ఉమ్మడి భాగము చెడితే ఎంతమంది నష్టపోతారు? మొదటి రెంటికి జవాబు అనుకూలముగా ఉన్నంత మాత్రాన పని మొదలుపెట్టరాదు. మూడవదానికి సమాధానము వెదకని కుటుంబము బిహ్టా దారినే పట్టును.