దెబ్బకు ఆగే కంచె స్తంభం
రాతి కూసాల స్థానంలో నేడు అనేక పొలాల చుట్టూ సిమెంటు స్తంభాలు వెలిశాయి. ట్రాక్టరు ట్రాలీ తగిలితే ఇవి తరచు నేలమట్టం వద్దనే విరుగుతాయి. కాంక్రీటు ఒత్తిడిని ఓర్చుకొంటుంది, లాగుడును ఓర్వదు. దెబ్బకు స్తంభం వంగినప్పుడు తగిలిన వైపు ముఖమే సాగి ముందుగా పగులుతుంది. కనుక నడుమ ఒకే చువ్వ పెట్టి పోసిన స్తంభం చవకే గాని, దెబ్బకు ఆగదు. నాలుగు మూలల నాలుగు చువ్వలు, వాటిని బంధించే రింగులు, పైన కనీసం 2 సెంటీమీటర్ల కాంక్రీటు పొర ఉండాలి. పొర పలుచనైతే చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులూడుతాయి.

మిశ్రమంలో ఉక్కు పోగులు కలిపితే పగులు పుట్టినా ముక్కలు సులభంగా విడిపోవు. అయితే పోగులు చువ్వలకు బదులు కావు. నీరు ఎక్కువైతే బలం తగ్గుతుంది. పోసిన పిదప గోనెపట్టాలు కప్పి కనీసం 7 రోజులు తడపాలి. 28 రోజులు నిండకముందే తీగ బిగించడం తొందరపాటే. కొనేముందు, అమ్మేవారి ఆవరణలో విరిగిపడిన స్తంభం ఉంటే పరిశీలించండి; చువ్వలు ఎన్ని, ఎక్కడ ఉన్నవో తెలుస్తుంది.