మానవ వికాస దశలు – మదరాసులో మాంటిస్సోరి

మానవుని ఎదుగుదలను దశలుగా విభజించి చూడడం మన పూర్వులకు కొత్త కాదు. అయిదేండ్ల వరకు కౌమారము, పదేండ్ల వరకు పౌగండము, పదిహేనేండ్ల వరకు కైశోరము, ఆపైన యౌవనము అని భాగవత వ్యాఖ్యాతలు చెప్పిన విభాగం పురాణశ్రవణం చేసిన ఇండ్లలో తెలిసినదే. అయితే ఆ పేర్లు గ్రంథాలలో నిలిచినంతగా బడిలోనికి రాలేదు. బడిలో ఉన్నది ఒక్కటే కొలత: ఏటికేడు పాఠాల బరువు పెరగడం. బాలుని శరీరము, బుద్ధి, శీలము అలా సమానమైన మెట్లమీద ఎక్కవని, వాటికి ఉద్ధృతులూ విశ్రాంతులూ ఉంటాయని ఇరవయ్యవ శతాబ్దంలో గట్టిగా చెప్పినవారిలో డాక్టర్ మరియా మాంటిస్సోరి ఒకరు. ఆమె ఆలోచనలో ముఖ్యమైన భాగం పరిణతి పొందినది మదరాసు నగరంలోను, కొడైకెనాల్ కొండమీదను అన్నది తమిళనాట స్థిరపడిన తెలుగువారు గుర్తుంచుకొనదగిన విషయం.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలో జన్మించారు. 1896లో రోము విశ్వవిద్యాలయంలో వైద్యపట్టం పొందారు. 1907 జనవరి 6న రోములోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో పిల్లల కోసం ఒక బాలగృహం ప్రారంభించారు. అక్కడ పిల్లల ఎత్తు, బరువు కొలిచి నమోదు చేసేవారు. వైద్యురాలు కనుక శరీరాన్ని విడిచి మనస్సును గూర్చి మాట్లాడడం ఆమె అలవాటు కాదు.

1939 నవంబరులో, తమ 69వ ఏట, దివ్యజ్ఞాన సమాజంవారి ఆహ్వానంపై ఆమె అడయారు చేరుకొన్నారు. వెంట కుమారుడు మారియో ఉన్నారు. ఆమె ఇటాలియన్ భాషలో ఉపన్యసించగా ఆయన ఆంగ్లంలోనికి అనువదించేవారు. మొదటి శిక్షణలో సుమారు 300 మంది పాల్గొన్నారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో ప్రవేశించగానే తల్లీకొడుకులు శత్రుదేశీయులయ్యారు. మారియోను నిర్బంధ శిబిరానికి తరలించారు. ఆమెను అడయారు ఆవరణకే పరిమితం చేశారు. ఆగస్టు 31న, ఆమె 70వ జన్మదినాన, ప్రభుత్వం మారియోను విడుదల చేసింది. తరువాత కొడైకెనాల్‌లో నివసించిన కాలంలో ఆరు నుండి పన్నెండేండ్ల పిల్లల విద్యపై ఆ ఇద్దరూ చేసిన కృషి విశేషమైనది.

ఆమె సిద్ధాంతం ప్రకారం మనిషి 24 ఏండ్లకు సంపూర్ణుడవుతాడు. ఆరేసి ఏండ్ల దశలు నాలుగు. మొదటిదీ మూడవదీ అల్లకల్లోలమైనవి. రెండవదీ నాల్గవదీ నిలకడైనవి. మొదటి దశలో శిశువు పరిసరాలను నేర్చుకొనడు, పీల్చుకొంటాడు. మదరాసులోని తెలుగు బిడ్డ ఇంట తెలుగు, వీధిలో తమిళం వినీ, ఏ గురువూ లేకుండానే రెండూ మాట్లాడడం ఇందుకు చాలినంత సాక్ష్యం.

పాలపళ్ళు ఊడడంతో రెండవ దశ మొదలవుతుంది. శరీరం గట్టిపడుతుంది, జబ్బులు తగ్గుతాయి, ఊహ విస్తరిస్తుంది, ఒంటరి ఆట పోయి జట్టు కావాలనిపిస్తుంది. అన్నింటికంటె ముఖ్యంగా మంచిచెడుల ప్రశ్న తలయెత్తుతుంది. "టీచర్, వాడు వరుస తప్పాడు" అని రోజుకు పదిమార్లు వచ్చే ఏడేండ్ల పిల్లవానిని చాడీకోరు అని కసరడం బడులలో మామూలు. మాంటిస్సోరి దృష్టిలో వాడు తోటివానికి దెబ్బలు తినిపించడానికి రాలేదు. వరుస తప్పడం తప్పా, ఒప్పా అన్న తీర్పు కోసం వచ్చాడు. ఈ ఒక్క వివరణ చాలు, ఆమె పుస్తకాలు ఉపాధ్యాయుల బల్లమీద ఉండడానికి. స్విట్జర్లాండులో జీన్ పియాజే గోలీలాడే పిల్లలను ప్రశ్నించి 1932లో ప్రకటించిన గ్రంథం కూడ ఈ దిశగానే నడుస్తుంది. పొరపాటున పదిహేను కప్పులు పగులగొట్టినవాడా, దొంగతనంగా మిఠాయి తీయబోయి ఒక్క కప్పు పగులగొట్టినవాడా, ఎవరు ఎక్కువ దోషి అని అడిగితే చిన్నవారు పగిలిన కప్పులను లెక్కించేవారు; పెద్దవారు ఉద్దేశాన్ని చూసేవారు. అంటే న్యాయబుద్ధి బోధతో ఒక్కనాట వచ్చేది కాదు, వయస్సుతో పండేది.

పన్నెండు దాటగానే మళ్ళీ కల్లోలం. ఎముకలు వేగంగా పెరుగుతాయి, అలసట వస్తుంది, అంతవరకు చురుకైనవాడు మందగించినట్లు కనిపిస్తాడు, చిన్నమాటకు కుంగిపోతాడు. ఈ వయస్సువారికి పుస్తకభారం తగ్గించి, పల్లెలో నేల దున్నించి, పండించినది వారిచేతనే అమ్మించాలని ఆమె సూచించారు. మన విధానంలో పదవ తరగతి పబ్లిక్ పరీక్ష సరిగ్గా ఈ కాలంలోనే వచ్చి కూర్చుంటుంది. మార్కులు తగ్గిన కుమారుని సోమరి అని నిందించే తండ్రికి, ఆ సోమరితనంలో కొంతభాగం పెరుగుతున్న శరీరానిదని చెప్పేవారు కావాలి.

ఈ సిద్ధాంతాన్ని యథాతథంగా స్వీకరించనక్కరలేదు. ప్రతి బిడ్డా ఆరేండ్లకొక గీత గీసుకొని ఎదగదు. ఆడపిల్లలకు యౌవనోదయం ముందుగా వస్తుంది. ఆహారం, ఆరోగ్యం ఆ గడువులను మారుస్తాయి. నిగ్రహానికి, వివేచనకు ఆధారమైన మెదడు ముందుభాగం ఇరవైల నడిమి వరకు పరిణతి చెందుతూనే ఉంటుందని తరువాతి పరిశోధనలు తెలిపాయి. 24 అన్న ఆమె లెక్కకు అది కొంత బలమే.

అసలు లోపం 24తో ఆగడం. 1950లో ఎరిక్ ఎరిక్సన్ వృద్ధాప్యం వరకు ఎనిమిది దశలను ప్రతిపాదించి, నడివయస్సులోని ప్రధాన ధర్మం తరువాతి తరాన్ని పెంచి పోషించడమన్నారు. ఆయనే 1918 నాటి అహమ్మదాబాదు మిల్లు సమ్మెలో గాంధీజీ పాత్రను పరిశీలించి 1969లో గ్రంథం ప్రచురించారు. సమ్మెనాటికి గాంధీజీకి 48 ఏండ్లు. మాంటిస్సోరి తమ రేఖాచిత్రంలో చోటివ్వని ఈ దశ ఆమె జీవితంలోనే కనిపిస్తుంది. కొడైకెనాల్ కృషి 70 దాటిన తరువాతిది. అహమ్మదాబాదు ఉపన్యాసాల ఆధారంగా రూపొందిన "ది అబ్సార్బెంట్ మైండ్" 1949లో అడయారునుండి వెలువడేనాటికి ఆమె 80కి చేరువలో ఉన్నారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో ఆమె కన్నుమూశారు.