అమీలియా పీబాడీ నవలలు

అమీలియా పీబాడీ నవలలు ఈజిప్టు పురావస్తు తవ్వకాల నేపథ్యంలో సాగే హాస్య చారిత్రక అపరాధ పరిశోధన నవలామాలిక. రచయిత్రి అమెరికన్ ఈజిప్టు చరిత్ర పండితురాలు బార్బరా మెర్ట్జ్ (1927–2013). 1952లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందిన ఆమె, తన పిల్లలిద్దరి పేర్లు కలిపి ‘ఎలిజబెత్ పీటర్స్’ అనే కలంపేరు పెట్టుకున్నారు. తొలి నవల ‘క్రొకడైల్ ఆన్ ది శాండ్‌బ్యాంక్’ 1975లో వెలువడింది. 20వదైన ‘ది పెయింటెడ్ క్వీన్’ను ఆమె మరణానంతరం జోన్ హెస్ పూర్తిచేయగా 2017లో అచ్చయింది.

కథాకాలం 1884లో మొదలై, టూటన్‌ఖామున్ సమాధి బయటపడిన 1922 దాటి సాగుతుంది. కథను ఎక్కువగా చెప్పేది కథానాయిక అమీలియాయే. విక్టోరియన్ మర్యాద తొణకని గంభీర శైలిలో తన గొప్పలు తానే చెప్పుకుంటుంది. హాస్యానికి అసలు మూలం ఇదే. గొడుగే ఆమె ఆయుధం. ముక్కోపి అయిన భర్త ఎమర్సన్ పాత్రలో, తవ్వకాలకు శాస్త్రీయ క్రమశిక్షణ నేర్పిన ఫ్లిండర్స్ పెట్రీ ఛాయలున్నాయి. కథానాయిక పేరు 19వ శతాబ్ది యాత్రికురాలు అమీలియా ఎడ్వర్డ్స్‌ను గుర్తుచేస్తుంది. హత్యలు కల్పితాలే అయినా తవ్వకాల పద్ధతులు, పురావస్తువుల దొంగ వ్యాపారం చరిత్రకు దగ్గరగా ఉంటాయి. మిస్టరీ రైటర్స్ ఆఫ్ అమెరికా 1998లో రచయిత్రికి ‘గ్రాండ్ మాస్టర్’ గౌరవమిచ్చింది.