తెర, వెలుగు, చేతికందే ప్రతి: జనానా స్టూడియో నుంచి పెళ్లి ఫొటో బూత్ దాకా

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాల్లో పెళ్లికి, చీరకట్టు వేడుకకు, పుట్టినరోజుకు ముందుగా మాట్లాడుకోవలసిన వాటిలో ఫంక్షన్ హాలు, టెంటు సామాను, వంటవాళ్లు, బ్యాండు మేళంతో పాటు ఫొటో బూత్ కూడా ఇప్పుడు వచ్చి చేరింది. కెమెరా, దీపం, తెర, ముద్రణ యంత్రం ఒకే చోట అమర్చి ఉండి, ఫొటోగ్రాఫరు ఆజ్ఞతో కాక అతిథి తనంతట తానే మీట నొక్కి బొమ్మ దింపుకొని, నిమిషంలోపే కాగితం మీది ప్రతిని చేతబట్టుకొని వెళ్లగల ఏర్పాటునే ఫొటో బూత్ అంటారు. పరాయి చూపులు పడని మాటు, ఎవరి బొమ్మ వారి చేతికే అందే ప్రతి అనే రెండు లక్షణాలు దీనికి ప్రాణం. ఈ రెండూ ఒకేసారి పుట్టినవి కావు, ఒకే దేశంలో పుట్టినవీ కావు. మొదటిదాని చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టం హైదరాబాదులోనే జరిగింది.

మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో జన్మించి, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోర్‌లో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ ఫొటోగ్రఫీ నేర్చిన లాలా దీన్‌దయాళ్, 1880ల్లో హైదరాబాదు రాజ్యానికి వచ్చి సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై, రాజా బిరుదును పొందాడు. ఆయన 1892లో హైదరాబాదులో ప్రారంభించిన జనానా స్టూడియో, అంటే పర్దా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకించిన చిత్రశాల, ఈ కథకు అసలు ఆరంభం. ఆ స్టూడియో బాధ్యత కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ చేతిలో ఉండేది. బొమ్మ తీయడం మొదలుకొని లోపలి వ్యవహారమంతా స్త్రీలే చూసుకొనే విధంగా దానిని నడిపారు. అప్పటికి ఫొటోగ్రఫీ పుట్టి అర్ధశతాబ్దం దాటినా, మగవాడు కెమెరా వెనుక నిలబడినంత కాలం ఘోషా స్త్రీలకు తమ ముఖచిత్రం దాదాపు అందని వస్తువే. కెమెరా ఎంత మంచిదన్నది కాక, ఆ గదిలో ఎవరు ఉంటారు, ఎవరు ఉండరు అన్నదే బొమ్మ సాధ్యాసాధ్యాలను నిర్ణయిస్తుందని గుర్తించి, దీన్‌దయాళ్ ఆ గుర్తింపునే ఒక వ్యాపారంగా మలిచాడు.

ఆ కాలంలో గద్వాల, వనపర్తి, జటప్రోలు (దీని రాజధాని నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొల్లాపురం) నిజాముకు పేష్కషు, అంటే సామంత కప్పం, చెల్లిస్తూ తమ సీమలను తామే పాలించుకునే సంస్థానాలుగా ఉండేవి. నగరపు స్టూడియోకు వెళ్లి బొమ్మ దింపించుకునే స్తోమత సంస్థానాధీశులకు, వారి దివానులకు, వర్తకులకు ఉండేదే కాని, తుంగభద్ర, కృష్ణల నడుమ వ్యవసాయం చేసుకునే కుటుంబాలకు ఆ అవకాశం అందడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. పాలమూరు పల్లెల్లో నేటికీ ముత్తవ్వ ముఖం ఎలా ఉండేదో చూపగల ఆధారం లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఈ లోటును తలచుకున్నప్పుడు, పెళ్లి రోజున పది నిమిషాల్లో పది ప్రతులు చేతికిచ్చే యంత్రాన్ని కేవలం ఆడంబరమని తోసిపుచ్చడం న్యాయం కాదనిపిస్తుంది.

దీన్‌దయాళ్ పద్ధతిలో ఇంకొక అంశం ఉంది. బొమ్మ ముందు గాజు పలక మీద నెగటివుగా, అంటే వెలుగు నీడలు తారుమారైన మూలప్రతిగా, ఏర్పడేది. దాని నుంచి కాగితం మీద ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. కాని ఆ పలక మాత్రం స్టూడియోలోనే ఉండిపోయేది. ఆయన 1905లో మరణించిన చాలా కాలానికి, 1989లో, ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగటివులను సేకరించింది. మూలప్రతి స్టూడియో దగ్గర మిగిలినందువల్లనే నేడు ఆ కాలపు ముఖాలను, కట్టడాలను, దర్బారులను చూడగలుగుతున్నాము. అదే సమయంలో, బొమ్మలో ఉన్న మనిషికి ఆ మూలప్రతి మీద ఎటువంటి అధికారమూ లేదన్న సంగతిని మరువరాదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి అమెరికాలో రూపుదిద్దుకున్నది. నాణెం వేస్తే బొమ్మ తీసే యంత్రాన్ని అంజల్‌బెర్ అనే ఫ్రెంచివాడు 1889 నాటి ప్యారిస్ ప్రదర్శనలోనే చూపినా, విశేష ఆదరణ పొందిన యంత్రం సైబీరియాలోని ఓమ్‌స్క్‌లో 1894లో జన్మించిన అనటోల్ జోసెఫో నిర్మించిన ఫొటోమటాన్. 1920ల మధ్య న్యూయార్కు బ్రాడ్‌వే వీధిలో దానిని తెరిచినప్పుడు, 25 సెంట్లకు ఎనిమిది బొమ్మల పట్టీ సుమారు ఎనిమిది నిమిషాల్లో వచ్చేది. 1927లో ఆ యంత్రపు హక్కులు పది లక్షల డాలర్లకు అమ్ముడుపోయాయి. ఇందులోని అసలు విశేషం రసాయన ప్రక్రియలో ఉంది. నెగటివు అనే దశ లేకుండా బొమ్మ నేరుగా కాగితం మీదనే ఏర్పడేది కాబట్టి, తెర లాక్కొని పీట మీద కూర్చున్న మనిషి బయటికి వచ్చి పట్టీ అందుకున్నాక, ఆ బొమ్మకు లోకంలో మరొక ప్రతి ఉండేది కాదు. హైదరాబాదు జనానా స్టూడియో చూపును అడ్డుకుంటే, ఫొటోమటాన్ ప్రతినే అడ్డుకుంది.

మన ఊళ్లకు ఈ నాణేల యంత్రం వ్యాపించలేదు. బస్టాండు దగ్గరి స్టూడియోలో రంగులద్దిన తెర, దాని మీద తాజ్‌మహలో పూలతోటో, పక్కన ప్లాస్టిక్ పూలకుండీ, తల దువ్వుకోవడానికి గోడకు అద్దం, పౌడరు డబ్బా ఉండేవి. జాతరల్లోనైతే గుడ్డ డేరాలో సినిమా కథానాయకుల అట్టబొమ్మల పక్కన నిలబడి ఫొటో దిగేవారు. దరఖాస్తులకు, గుర్తింపు కార్డులకు ఫొటో తప్పనిసరి కావడంతో స్టూడియోలకు కొంతకాలం ఊపిరి అందింది. సెల్‌ఫోను వచ్చాక అది కూడా తగ్గింది. జపానులో 1995లో వెలువడిన పురికురా, అంటే తీసిన బొమ్మకు అక్కడికక్కడే అలంకారాలు చేర్చి చిన్న అంటింపు కాగితాలుగా ముద్రించే డిజిటల్ బూత్, బూత్ యంత్రాన్ని అవసరం నుంచి వేడుక వైపు మళ్లించింది. నేడు అద్దెకు దొరికే బూత్‌దీ అదే దారి.

ఇప్పుడు ఈ ప్రాంతంలో వేడుక చేసేవారి ముందుకు నాలుగు రకాలు వస్తున్నాయి: తెర వేసుకునే మూసిన బూత్, పూల గోడ ముందు స్టాండు మీద నిలిపిన తెరిచిన బూత్, నిలువుటద్దంలా కనిపించే అద్దపు బూత్, చిన్న వేదిక మీద నిలబడిన మనిషి చుట్టూ కెమెరా చేయి తిరిగే 360 డిగ్రీల బూత్. వీటిలో ఆఖరిదానికి గిరాకీ పెరిగినా, అది తీసేది నిదానంగా సాగే వీడియో మాత్రమే. చేతికి కాగితం రాదు, వీడియో ఫోనుకు చేరాలంటే ఆ హాల్లో నెట్ బాగా అందాలి, అవ్వతాతలు వేదిక ఎక్కలేరు, తిరిగే చేతికి పైటకొంగు చిక్కుకోకుండా ఒక మనిషి పక్కనే కనిపెట్టి ఉండాలి. పడుచువారి సంగీత్ రాత్రికి అది తగినదే కాని, మూడు తరాలు ఒక చోట కలిసే పెళ్లికి మూసిన బూత్‌కు సాటి రాదు. నలుగురి ముందు కెమెరాకు బిగుసుకుపోయే మేనత్త, తెర వేసుకున్న తర్వాత మనుమరాళ్లతో కలిసి నవ్వగలదు. ఆ నవ్వు కోసమే ఈ ఖర్చంతా.

వెలుగు విషయంలో ఈ సీమకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. నూలు నేతకు పట్టు అంచును, కొంగును విడిగా నేసి జతపరచిన గద్వాల చీరలో జరీ వెడల్పుగా పరుచుకొని ఉంటుంది. కెమెరా పక్కనుంచి నేరుగా కొట్టే ఫ్లాష్ దాని మీద పడితే అంచు తెల్లని మచ్చగా మారి, నేతపని అంతా మాయమవుతుంది. అందుచేత గుడ్డ తొడిగిన పెద్ద దీపమో, తెల్లని గొడుగు మీద పడి తిరిగి వచ్చే వెలుగో ఉన్న బూత్‌నే ఎంచుకోవాలి. బయానా ఇచ్చే ముందు ఇంట్లోని ఒక పట్టుచీరను తీసుకెళ్లి దాని ముందు పట్టి బొమ్మ తీయించి చూడటం అన్ని మాటల కంటే మేలైన పరీక్ష. ఆకుపచ్చ తెర వేసి, ఆ రంగున్న చోటల్లా కంప్యూటరులో మరొక దృశ్యాన్ని అతికించే బూత్‌లూ ఉన్నాయి. అటువంటి దాని ముందు ఆకుపచ్చ చీర కట్టుకొని నిలబడితే చీర ఉండవలసిన చోట కొండో సముద్రమో కనిపిస్తుంది. శుభకార్యాల్లో ఆకుపచ్చకు ఉన్న స్థానాన్ని బట్టి చూస్తే, దానిని మొదటే వద్దనడం మంచిది.

ముద్రణ యంత్రం ఏ రకానిదో కూడా తప్పక అడగాలి. డై సబ్లిమేషన్ అనే పద్ధతిలో రంగు పూసిన పల్చని రిబ్బనును వేడి చేస్తే, ఆ రంగు ఆవిరై కాగితంలోకి దిగుతుంది; చివర ఒక రక్షణ పొర కూడా పడుతుంది. అందువల్ల బొమ్మ పొడిగానే బయటికి వస్తుంది, హల్దీ రోజున పసుపు చేతులతో ముట్టుకున్నా తుడుచుకోవచ్చు. సిరా చిమ్మే మామూలు ప్రింటరు ప్రతి మాత్రం తడి తగిలితే అలుక్కుపోయే ప్రమాదం ఉంది. వైశాఖ, జ్యేష్ఠ ముహూర్తాల్లో రేకుల షెడ్డు కింద వేడితో పనిచేసే యంత్రం మరింత వేడెక్కి ఆగిపోవచ్చు కాబట్టి, దానిని నీడలో, గాలి ఆడే చోట, వంటల పొగకు దూరంగా నిలపాలి. కరెంటు పోయి జనరేటరు అందుకునే నడుమ కంప్యూటరు ఆరిపోకుండా యూపీఎస్ ఉండాలి.

జనం లెక్క వేసుకోవడం అంతకంటే అవసరం. ఒక్కో బృందానికి రెండు నిమిషాలు పట్టినా గంటకు ముప్పై బృందాలకు మించవు. మన పెళ్లిళ్లలో అతిథులు రోజంతా సమానంగా రారు, ముహూర్తానికి కాస్త ముందూ భోజనాల వేళా ఒక్కసారిగా దిగుతారు. మూడు గంటల అద్దెను ఏ మూడు గంటలకు వాడుకోవాలన్నది ఇంటివారే తేల్చుకోవాలి. బంతి లేచిన తర్వాతి సమయమే ఎక్కువగా కలిసివస్తుంది. సామాను ఎక్కడి నుంచి వస్తుందన్నది కూడా ధరను మారుస్తుంది. గద్వాలకు హైదరాబాదు కంటే కర్నూలు చాలా దగ్గర, నాగర్‌కర్నూలుకు మహబూబ్‌నగర్ దగ్గర. 44వ జాతీయ రహదారి దిగి కొత్తకోట నుంచో ఎర్రవల్లి చౌరస్తా నుంచో లోపలికి వచ్చే బండి కిరాయి, వెంట వచ్చే మనిషి భోజనం, రాత్రి బస అద్దెలో కలిశాయా లేదా అన్నది ముందే కాగితం మీద రాసుకుంటే పెళ్లింట్లో మాట పట్టింపులు రావు.

అన్నిటికంటే బరువైన ప్రశ్నను చాలామంది అడగనే అడగరు. నేటి బూత్ కాగితం మీద ఇచ్చే ప్రతికి మూలం కంప్యూటరులో మిగులుతుంది. పంపించడానికి అతిథి చెప్పిన ఫోను నంబరు కూడా దానితో పాటే నిలిచిపోతుంది. ఆడపిల్లల, చిన్నపిల్లల బొమ్మలు అద్దెకిచ్చినవారి ప్రకటనల్లో, సామాజిక మాధ్యమాల్లో కనిపించడానికి ఎవరి అనుమతి ఉన్నది? 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార సేకరణకు సమ్మతిని మూలసూత్రంగా నిలిపి, 18 ఏళ్లలోపువారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని నిర్దేశించింది. కాబట్టి ఒప్పందంలో మూడు మాటలు రాయించుకోవడం ఇంటివారి హక్కు: ఇంటి పెద్ద అనుమతి లేనిదే ఏ బొమ్మనూ ప్రకటనకు వాడరాదు, వేడుక ముగిసిన వారంలోగా బొమ్మలన్నీ పెన్‌డ్రైవులో ఇంటివారికి అప్పగించాలి, అవి అందాయని ఇంటివారు చెప్పిన తర్వాత కంప్యూటరు నుంచి, ఆన్‌లైన్ నిల్వ నుంచి బొమ్మలను, నంబర్లను చెరిపివేయాలి. ఈ మూడింటికి సంతకం పెట్టడానికి వెనుకాడేవారి బూత్ ఎంత అందంగా ఉన్నా, ఎంత చౌకగా వచ్చినా, మరొకరిని వెతుక్కోవాలి.