చికిత్స గదిలోకి ఎవరెవరు వచ్చారు?

మొదటి ప్రపంచ యుద్ధపు కందకాల నుంచి వచ్చిన సైనికుల్లో కొందరికి నోట మాట పోయింది, కొందరికి కాళ్లు కదల్లేదు. ఒంటిమీద మాత్రం గాయం లేదు. 1915లో బ్రిటిష్ వైద్యుడు చార్లెస్ మయర్స్ లాన్సెట్ పత్రికలో దీన్ని షెల్ షాక్ అన్నాడు. చికిత్స హోదాను బట్టి నడిచింది. ఎడిన్‌బరో దగ్గర క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో అధికారులతో డాక్టర్ రివర్స్ తీరిగ్గా మాట్లాడేవాడు. లండన్‌లో లూయిస్ యెలాండ్ అనే వైద్యుడు మాట పడిపోయిన మామూలు సిపాయికి గొంతులో కరెంటు పెట్టాడు. పారిపోయారనో పిరికివాళ్లనో కాల్చిచంపిన మూడు వందల మందికి పైగా సైనికులను బ్రిటన్ క్షమించింది 2006లో!

దంపతుల కౌన్సెలింగ్ పుట్టుక ఇంకా విడ్డూరం. 1930లో లాస్ ఏంజెలెస్‌లో వివాహ సలహా కేంద్రం తెరిచిన పాల్ పోపెనో వైద్యుడు కాడు. ఖర్జూరపు సాగు మీద పుస్తకం రాసినవాడు, పైగా యూజెనిక్స్ ప్రచారకుడు. ‘మంచి వంశాల’ వాళ్లు పెళ్లాడి పిల్లల్ని కనాలన్న లెక్కతోనే ఆయన కాపురాలు నిలబెట్టడానికి పూనుకున్నాడు.

ఈ గదుల తలుపులు లోపలివాళ్ల దయతో తెరుచుకోలేదు. 1970 ప్రాంతంలో న్యూయార్క్‌లో వియత్నాం నుంచి వచ్చిన సైనికులు తమలో తాము కూర్చుని గోడు వెళ్లబోసుకున్నారు. రాబర్ట్ జే లిఫ్టన్, ఖైమ్ షాటన్ అనే సైకియాట్రిస్టులు అక్కడికి వెళ్లి కూర్చున్నారు. పెత్తనం సైనికులదే. బోస్టన్ సిటీ ఆసుపత్రికి వచ్చిన అత్యాచార బాధితుల మాటలు విని నర్సు ఆన్ బర్జెస్, సామాజిక శాస్త్రవేత్త లిండా హోమ్‌స్ట్రామ్ 1974లో ఒక వ్యాసం ప్రచురించారు. అందులోని పీడకలలూ ఉలికిపాట్లూ యుద్ధం చూసొచ్చిన మగవాళ్లవి కూడా.

1972లో డల్లాస్‌లో అమెరికన్ సైకియాట్రిస్టుల సభకు ఒకాయన మాస్కు, విగ్గు పెట్టుకుని, గొంతు మార్చే మైకుతో వచ్చాడు. తాను స్వలింగ ప్రేమికుణ్ణనీ, సైకియాట్రిస్టుననీ చెప్పాడు. ఆయన జాన్ ఫ్రయర్. ముఖం చూపిస్తే కొలువు దక్కని రోజులవి. మరుసటి ఏడాది డిసెంబరులో ఆ సంఘం స్వలింగ సంపర్కాన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది.

1980లో అదే జాబితాలోకి పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత వదలకుండా వేధించే మానసిక రుగ్మత, ఎక్కింది. అయితే మనుషులకు మామూలుగా ఎదురుకాని ఘటన వల్లే అది వస్తుందన్నారు. ఇంట్లో రోజూ దెబ్బలు తినే ఆడవాళ్ల సంగతేమిటని స్త్రీవాదులు నిలదీశారు. 1994లో ఆ షరతు పోయింది.

అప్పటికీ బాధితుల జీవిత భాగస్వామి వరండా బెంచీ మీదే. రాత్రి కేకలకు లేచేదీ, ఏ చప్పుడుకు భయపడతారో ఎరిగిందీ ఆ మనిషే కదా. కెనడాలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ 1980లలో రూపుదిద్దిన దంపతుల చికిత్సను జాన్సన్ ఆ తర్వాత ట్రామా బాధితులకూ మలిచింది. 2012లో కాండిస్ మాన్సన్ బృందం జామా పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. నలభై జంటలు, వాటిలో స్వలింగ జంటలూ ఉన్నాయి. ఒకరికి పీటీఎస్‌డీ, చికిత్స మాత్రం ఇద్దరికీ కలిపి. లక్షణాలు తగ్గాయి, వారి మధ్య తృప్తీ పెరిగింది.

మన దగ్గర 2021లో, ప్రేమించుకుని ఇల్లు వదిలి వచ్చిన ఇద్దరు యువతుల కేసులో మద్రాస్ హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్, తన అవగాహన చాలదంటూ తానే సైకాలజిస్టు దగ్గర కూర్చున్నారు. ఆపైన స్వలింగ ప్రేమికులను ‘మార్చే’ చికిత్సలను నిషేధించమన్నారు. 2022లో జాతీయ వైద్య కమిషన్ వాటిని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రంలో హింసకు గురైన స్త్రీలకూ పిల్లలకూ పోలీసు, వైద్య, న్యాయ సాయంతోపాటు కౌన్సెలింగ్ ఒకేచోట దొరుకుతోంది. ఇంటి పెద్దల పంచాయితీలో మాత్రం దెబ్బలు తిన్న అమ్మాయికి ఇంకా దొరికేది ‘సర్దుకుపోమ్మా’ అన్న మాటే. దంపతులను కలిపి కూర్చోబెట్టడం అంటే అది కాదు. కొట్టే మనిషి పక్కనుండగా ఎవరూ నిజం చెప్పలేరు. అందుకే పని తెలిసిన థెరపిస్టు ముందుగా ఇద్దరినీ విడివిడిగా పిలుస్తుంది. ఇంట్లో భయం ఉందా అని అడుగుతుంది. ఉందంటే జంట చికిత్సను పక్కనపెట్టి, దెబ్బలు తినే మనిషి క్షేమం సంగతి చూస్తుంది.