పాత భవనముల ఉష్ణ పరీక్ష

శీతదేశములలో ఇల్లు కట్టుటకైన వ్యయము ఒకసారితో ముగియును. దానిని వెచ్చగా నుంచుటకగు వ్యయము ఏటేట వచ్చుచునే యుండును. గోడల మందము, కిటికీల వైశాల్యము, పైకప్పు క్రింద పరచిన ఉష్ణనిరోధక పదార్థము మొదలగువానిని బట్టి ఒక ఇంటికి ఎంత ఇంధనము కావలెనో ఇంజనీర్లు కాగితముపై గణింతురు. కట్టిన పిమ్మట ఆ ఇల్లు నిజముగా ఎంత ఇంధనమును వాడుచున్నదో తెలియవలెనన్న, ఇంటిలోనికి పోయి కొలువక తప్పదు.

అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1972లో రాబర్ట్ సోకొలో నాయకత్వమున ఈ పనికి పూనుకొనిరి. న్యూజెర్సీ రాష్ట్రములోని ట్విన్ రివర్స్ అను కొత్త నివాసస్థలమును వారు ఎన్నుకొనిరి. అచ్చటి ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని వరుసలుగా, ఒకే నమూనాలో కట్టబడినవి. ప్రతి కుటుంబమునకు వేరు మీటరు కలదు. మరుసటి సంవత్సరమే చమురు సంక్షోభము సంభవించుటచే ఈ పరిశోధనకు ప్రాముఖ్యము పెరిగెను.

మొదటి ఫలితమే ఆశ్చర్యము గొలిపెను. ఒకే నమూనా, ఒకే వాతావరణము. అయినను ఒక ఇంటిలో ఖర్చగు గ్యాసు మరియొక ఇంటిలో ఖర్చగుదానికి రెట్టింపు, కొన్నియెడల అంతకు మించియు ఉండెను. ఇంటిలోని కుటుంబము మారినపుడు ఖర్చు ఎట్లు మారునో రాబర్ట్ సోండెరెగ్గర్ పరిశీలించి 1978లో ప్రకటించెను. ఈ భేదములో అధికభాగము కాపురమున్న వారి అలవాట్లను బట్టియే కలుగుచున్నదని తేలెను.

రెండవ ఫలితము ఇంటిని గూర్చినది. అటకలోని గాలి లెక్క ప్రకారము ఉండవలసిన దానికంటె వెచ్చగా నుండెను. కారణము వెదకగా, పొగగొట్టము చుట్టును విడిచిన సందులును, ఉమ్మడి గోడలలోని గుల్ల దిమ్మెల రంధ్రములును కనబడినవి. నేలమాళిగలోని వెచ్చని గాలి ఆ మార్గముల గుండా నేరుగా అటకకు ఎక్కుచుండెను. ఉష్ణనిరోధక పదార్థము ఎంత పరచినను అది చిల్లికుండలో పోసిన నీటివలెనే అగుచుండెను. ఇట్టి సందులను మూసి, కిటికీలను కట్టుదిట్టము చేసి, ఒక ఇంటిలో వేడికగు ఇంధనమును మూడింట రెండువంతులు తగ్గించి చూపిరి.

అయితే ఒక సంవత్సరము ఖర్చు తగ్గినచో అది మరమ్మతు ఫలమా, లేక ఆ ఏడు చలి తగ్గుటవలన కలిగినదా? దీనిని తేల్చుటకు “డిగ్రీ దినము” అను కొలత ఉపయోగపడును. అమెరికాలో సామాన్యముగా 65 ఫారన్‌హీట్ డిగ్రీలను ప్రమాణముగా గైకొందురు. ఒక దినపు సగటు ఉష్ణోగ్రత 35 డిగ్రీలైనచో అది 30 డిగ్రీ దినములు. ఒక ఇంటిలో 600 డిగ్రీ దినముల నెలలో 160 పాళ్లు, 300 డిగ్రీ దినముల నెలలో 90 పాళ్లు గ్యాసు ఖర్చైనదనుకొందము. 300 డిగ్రీ దినములకు 70 పాళ్లు చొప్పున పడినది కనుక, చలి లేని నెలలో కూడ వంటకును, వేడినీటికిని 20 పాళ్లు పోవునని తెలియును. మార్గరెట్ ఫెల్స్ మున్నగువారు ఈ సూత్రమునే పెంపొందించి, నెలవారీ బిల్లులనుండి ఇంటి స్వభావమును రాబట్టు పద్ధతిని 1986లో సమగ్రముగా ప్రకటించిరి. ఆ పద్ధతిలో ప్రమాణోష్ణోగ్రతను సైతము ఆ ఇంటి బిల్లులే నిర్ణయించును.

అనేక కుటుంబములు ఒకే కప్పు క్రింద నుండు అపార్టుమెంటులలో చిక్కు మరింత హెచ్చు. న్యూయార్కు నగరములోని పాత భవనములు పెక్కింటిలో నేలమాళిగలోని ఒక్క బాయిలరే అన్ని అంతస్తులకు ఆవిరిని పంపును. అక్టోబరు 1 నుండి మే 31 వరకు, పగటివేళ బయట 55 డిగ్రీలకు తగ్గినపుడు గదులలో కనీసము 68 డిగ్రీలుండవలెనని నగర శాసనము. మిక్కిలి చల్లని గదికి చాలునట్లు బాయిలరును మండించినచో తక్కిన గదులు ఉడికిపోవును. అచ్చటివారు నడిశీతకాలమున కిటికీలు తెరతురు. ఇంధనపు బిల్లు యజమానిది గనుక వారికి కిటికీ మూయవలెనను తొందర ఉండదు. ఆ ఖర్చు అద్దెలో కలిసియుండును గనుక యజమానికిని మరమ్మతులపై ఆసక్తి తక్కువ.

ఆ నగరపు హరితగృహ వాయువులలో సుమారు మూడింట రెండువంతులు భవనముల వలన వెలువడుచున్నవే. అందుచే 50,000 చదరపు అడుగులకు మించిన భవనముల వార్షిక శక్తి వినియోగమును తెలుపవలెనని 2009లో నగరము శాసించెను. 2016లో ఈ హద్దును 25,000 అడుగులకు దించెను. 2020 నుండి పెద్ద భవనముల ద్వారములవద్ద “ఎ” మొదలు “డి” వరకు శ్రేణి అక్షరములు కనబడసాగినవి. 100కు 85 మార్కులైనను వచ్చినచో “ఎ”, 55కు తగ్గినచో “డి”. 2019లో చేసిన మరియొక శాసనము ప్రకారము వాయువులపై పరిమితులు 2024 నుండి అమలులోనికి వచ్చినవి. మీరినవారు జరిమానా చెల్లింపవలెను.

ద్వారముననున్న అక్షరము సాటి భవనములలో దీని స్థానమును తెలుపునేగాని, వేడి ఏ సందున పోవుచున్నదో తెలుపజాలదు. అందులకే పెద్ద భవనములను పదేండ్లకొకమారు లోపలినుండి తనిఖీ చేయవలెనని 2009లోనే మరియొక శాసనము చేయబడినది. ఆ తనిఖీ సరిగా జరుగుటపై ఇంధనపు పొదుపేగాక, జరిమానా భారము తుదకు ఎవరి అద్దెపై పడుననునదియు ఆధారపడియున్నది.