పాటకు పద్దు: రేనాటి పల్లెపదములను నిలుపుకొన్న చరిత్ర

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసందర్భమున, సంచికకొక చరిత్ర వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను ఆదేశించిరి. నేను పండితుడను కాను. మా తాతగారు కరణీకము చేసిరి. 1984లో ఆ పదవులు రద్దైన తరువాత మా యింట మిగిలినవి కలమును, కూడికయు మాత్రమే. ఊరి సహకార సంఘమునకు లెక్కలు వ్రాయుచు, తీరికవేళల భారత భాగవతములను గురువు లేకయే చదువుకొన్నవాడను. కావున లెక్కలవాని కంటికి కనబడిన చరిత్రనే మనవి చేయుచున్నాను. అది మన పల్లెపదముల చరిత్ర. వానిని వ్రాతయందును, యంత్రమునందును, తుదకు మన యిండ్లయందును నిలుపుకొనుటకు జరిగిన యత్నముల చరిత్ర.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములు ప్రాచీనమైన రేనాటిలోనివి. తెలుగుమాట శాసనభాషయై నిలిచినది ఈ గడ్డమీదనే. క్రీ.శ. 575 ప్రాంతమున రేనాటి చోడుడగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు కలమల్లలో వేయించిన శాసనమును, దొరికిన తెలుగు శాసనములలో మొట్టమొదటిదిగా పండితులు ఎన్నుచున్నారు. నాటినుండి దాత పేరు, ప్రతిగ్రహీత పేరు, భూమి కొలత ఈ నేలలోని రాళ్లు చెప్పుచునే యున్నవి. ఆ భూమిని దున్నినవాడు ఏమి పాడుకొనెనో అవి చెప్పవు.

1800లో నైజాము మన సీమను ఇంగ్లీషు కుంపిణీకి వదలివేసెను. ఆ పిమ్మట కర్నల్ కాలిన్ మెకంజీ పంపిన గుమాస్తాలు ఊరూర తిరిగి, కరణముల యొద్దనున్న కవిలెలను చూచి స్థలచరిత్రలను వ్రాసికొనిరి. అవే కైఫీయతులు. 1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌను దొర తన బంగళాలో పండితులను నిలిపి కావ్యముల ప్రతులు సరిచేయించెను. వేమన పద్యములను 1829లో అచ్చొత్తించెను. ఆ స్థలచరిత్రలకును నకళ్లు తీయించెను. కైఫీయతులకు నేటికిని ఇంత విలువ యేల? ఫలానా ఊరిది, ఫలానావారు చెప్పినది అని తెలిపెడి పద్దు వానికి తోడుగా నుండుటచేతనే. అయినను ఆ విచారణ ముఖ్యముగా ఊరి పుట్టుకను, గుడులను, మాన్యములను, పాలెగాండ్ర వంశములను గూర్చినది. విసురురాయికడ కూర్చున్న స్త్రీల పాటయు అడిగి వ్రాసికొనదగినదేయని ఆనాటివారికి తోచలేదు.

పాటను అడిగి వ్రాసికొనుట తరువాతి తరము పని. 1874లో జె. ఏ. బాయిల్ 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో తెలుగు వీరగాథలను గూర్చి వ్యాసము ప్రకటించెను. 1710లో చంపబడిన సర్వాయి పాపని కథ నూటయరువదేండ్లు నోటిమీదనే బ్రతికి అట్లు అచ్చుకెక్కినది. మన పొరుగుననే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కుంపిణీవారిని ఎదిరించి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీయబడెను. ఆయన కథను రేనాటి గాయకులు తరతరములుగా పాడుచు వచ్చిరి. తంగిరాల వెంకట సుబ్బారావుగారు 'రేనాటి సూర్యచంద్రులు' అను గ్రంథమున ఆయన చరిత్రను విచారించిరి. హరి ఆదిశేషువుగారి 'జానపద గేయ వాఙ్మయ పరిచయము' 1954లో వెలువడెను. బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయములపై ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధనచేసి 1956లో డాక్టరేటు పొందిరి. నేదునూరి గంగాధరముగారు పల్లెలు తిరిగి పాటలు ప్రోగుచేసిరి. మన సీమ పాటలను కలిమిశెట్టి మునెయ్యగారు 'రాయలసీమ రాగాలు' అను పేర కూర్చిరి. వీరందరకు మనము ఋణపడియున్నాము.

అయితే కాగితము పాటలోని మాటను పట్టగలదుగాని వరుసను పట్టజాలదు. దీనికి గొప్ప నిదర్శనము తాళ్లపాకవారి రేకులు. అన్నమాచార్యులు (1408–1503) పల్లెపదముల మట్లను ఆదరించి జాజర, సువ్వి, గొబ్బి, లాలి మొదలగు రచనలు చేసిరి. వారి సంకీర్తనములు రాగిరేకులమీద చెక్కబడి, తిరుమలలోని సంకీర్తన భాండారమున భద్రముగా నుండెను. ప్రతి పాటకును రాగము పేరున్నది. స్వరము మాత్రము లేదు. కావున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారివంటి మహానుభావులు కొన్నింటికి క్రొత్తగా స్వరములు కూర్పవలసివచ్చెను. రాగిమీద చెక్కినదాని వరుసయే నిలువలేదన్నచో, ఏ రేకునకును ఎక్కని కలుపుపాట సంగతి వేరుగా చెప్పనేల?

వరుసను పట్టెడి యంత్రమును 1877లో ఎడిసను కనిపెట్టెను. 1902లో గైస్‌బర్గు అను ధ్వనిముద్రకుడు కలకత్తా చేరి, గౌహర్ జాన్ మొదలగువారి గానమును గ్రామఫోను పలకలకెక్కించెను. పాట ముగియగానే ఆమె తన పేరు తానే చెప్పెడిది. ఆ పలకలు జర్మనీలోని హనోవరు నగరమున తయారగుచుండెను. అక్కడి పనివారికి ఇది ఎవరి పాటయో తెలియుటకే ఆ యేర్పాటు. ఇది నా మనసునకు మిక్కిలి నచ్చిన సంగతి. పాటలోనే పాటయొక్క పద్దు వ్రాయబడినది! కాని ఆనాటి పలకమీద ఒక్కొక్క ప్రక్క మూడు నిముషములకంటె అంతగా పట్టెడిది కాదు. సోలెడు రాగులు విసరినంతసేపు సాగెడి పాట అందులో ఎట్లు ఇముడును? తరువాత 1938లో మదరాసు రేడియో, 1963లో కడప ఆకాశవాణి ప్రారంభమైనవి. వింజమూరి అనసూయాదేవి, సీతాదేవి సోదరీమణులు పల్లెపదమును సభలకును, రేడియోకును తెచ్చి గౌరవము కలిగించిరి. అయినను అచటికి పోగలిగినవారు కొందరే. విసురురాయి అచటికి పోలేదు.

1963లోనే ఫిలిప్స్ కంపెనీవారు క్యాసెట్టును లోకమునకు చూపిరి. అది మన పల్లెలకు వచ్చుసరికి ఇరువదేండ్లు పట్టెను. దానితో మొట్టమొదటిసారిగా పాటను పట్టెడి యంత్రము పాట పుట్టిన యింటికే వచ్చినది. ఇచట నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది.

మా తల్లి పుట్టినిల్లు పులివెందుల ప్రక్కపల్లె. కపిలబాన తోలెడి పాటలు, నలుగుపాటలు, విసురురాతి పాటలు ఆమెకు ఎన్నియో వచ్చెడివి. 1996లో ఒక వేసవి తెల్లవారుజామున ఆమె రాగులు విసరుచుండగా, గంట పట్టెడి క్యాసెట్టును రెండు ప్రక్కల నింపితిని. ఊరివారి అప్పులకు, వడ్డీలకు, ఎరువుల బస్తాలకు చిట్టా, ఆవర్జా తప్పక వ్రాసెడి నేను, ఆ క్యాసెట్టుమీద ఒక్క ముక్కయు వ్రాయలేదు. రెండేండ్లకు మా యింట పెండ్లి వచ్చెను. పేరు లేని క్యాసెట్టును ఖాళీదనుకొని పిల్లలు దానిపై సినిమా పాటలు ఎక్కించిరి. వారి తప్పేమున్నది? తప్పు నాదే. 2003లో అమ్మ కాలము చేసినది. సినిమా పాటలు ముగిసినచోట ఆరు నిముషములు మాత్రము మిగిలినవి: రాతి రొద, గాజుల చప్పుడు, సగము పాట.

ఆ సగము పాటను నేడు నా మేనకోడలు పాడుచున్నది. ప్రొద్దుటూరిలో చదువుకొన్న పిల్ల. సెలవులకు వచ్చి, గిటారు మీటుచు, సెల్‌ఫోనును పీటమీద నిలిపి పాట పట్టుచుండును. "మామా, ఈడ అవ్వ ఎట్ల పాడుతాండె?" అని అడుగును. నాకు తెలియదు. ఇద్దరమును కూడి పులివెందుల వైపుననున్న మా పినతల్లికడకు పోతిమి. ఆమె మూడు చరణములు పాడినది. జమ్మలమడుగు వైపున నల్లరేగడి ఊరికి మెట్టిన మా పెద్దమ్మకడకు పోతిమి. ఆమె పత్తి తీయుచు నేర్చిన చరణములు వేరు, వరుసయు కొంత వేరు. ఒక్క యింట పుట్టిన అక్కచెల్లెండ్రే! ఏది అసలు? అమ్మ పాడిన తక్కిన సగమేది?

కలిపి ఒక్కటిగా అతికింతమని నాకు మొదట తోచెను. కాని లెక్కలు వ్రాయువాడు తెలియనిచోట అంకె వేయరాదు. కూడిక కుదరనిచో కుదరలేదనియే వ్రాయవలెను. కావున మూడు పాటలను మూడుగానే ఉంచితిమి. నాలుగవది మా పిల్ల పాడినది. గిటారుతో పాడిన పాట పల్లెపదమేనా యని పెద్దలు కొందరు ఆక్షేపించిరి. ఆక్షేపణ న్యాయమైనదే. రాతి లయ తీగకు రాదు. కాని మా పెద్దమ్మయు విసురురాతి పాటను పత్తిచేనికి తీసికొనిపోయి మార్చుకొన్నదే గదా! నోటనున్న పాట మారుట దోషము కాదు. మార్చినవారెవరో, మారకముందు ఎట్లుండెనో చెప్పకుండుటయే దోషము.

నేడు సెల్‌ఫోను లేని యిల్లు అరుదు. బాయిల్‌కును, గైస్‌బర్గునకును లేని సౌకర్యము మనకున్నది. మూడు నిముషముల హద్దు లేదు. గాయకురాలు పట్నము పోనక్కరలేదు. లోపించినది పద్దు ఒక్కటే. కావున మన గ్రంథాలయమునకు నా విన్నపమిది. 'పాటల పద్దు' అను దస్తరమొకటి తెరువవలెను. పాట పట్టిన ప్రతివారును ముగింపున గౌహర్ జాన్ వలె పలికింపవలెను: పాడినవారి పేరు, ఊరు, ఎవరికడ నేర్చిరి, ఏ పనివేళ పాడుదురు, నేటి తేది. అదియే దస్తరమున వ్రాసి, నకలొకటి గ్రంథాలయమున ఉంచవలెను. పాడినవారి అనుమతి ముందుగా అడుగవలెను.

ఆ దస్తరమునకు మొదటి పుట నేను వ్రాసి తెచ్చితిని. మొదటి పద్దు మా తల్లిది: విసురురాతి పాట, 1996 వేసవి, తెల్లవారుజాము, ఆరు నిముషములు. శేషము దొరకలేదు.